పలకా పారా: తొలి క్వేకర్ హాస్టల్ బడుల్లో పని ఎవరి కోసం?

1844లో బ్రిటన్ పార్లమెంటు ఫ్యాక్టరీల మీద ఒక చట్టం చేసింది. బట్టల మిల్లుల్లో పనిచేసే 8 నుంచి 13 ఏళ్ల లోపు పిల్లలు రోజుకు ఆరున్నర గంటలకు మించి పని చేయకూడదు, మూడు గంటలు బడికి వెళ్లాలి. ఈ పిల్లలకు ‘హాఫ్ టైమర్లు’ అని పేరు పడింది. అంతకు మూడేళ్ల ముందు, 1841లో, యార్క్‌షైర్‌లోని గ్రేట్ ఎయ్టన్ అనే ఊళ్లో క్వేకర్లు ఒక హాస్టల్ బడి తెరిచారు. దాని పేరే నార్త్ ఆఫ్ ఇంగ్లండ్ అగ్రికల్చరల్ స్కూల్. అక్కడి మగపిల్లలు రోజులో కొంతసేపు పుస్తకాల ముందు, కొంతసేపు పొలంలో గడిపేవారు. ఆడపిల్లలకు పొలం బదులు ఇంటిపని.

గడియారం ప్రకారం చూస్తే ఈ ఇద్దరు పిల్లల రోజులూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. మరి ఒకదాన్ని బాలకార్మికత అని, ఇంకొకదాన్ని విద్యా ప్రయోగం అని ఎందుకు అంటున్నాం? మిల్లులో పని యజమాని లాభం కోసం, బడిలో పని పిల్లల మేలు కోసం అని చటుక్కున చెప్పేయొచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ క్వేకర్ బడుల చరిత్రలోకి కాస్త దిగితే ఆ జవాబు అంత గట్టిగా నిలబడదు. ‘చదువూ పనీ కలపడం’ అనే ఒక్క మాట కింద వాళ్లు మూడు వేర్వేరు ఉద్దేశాలను నడిపారు. పిల్లల తిండి ఖర్చు రాబట్టడం ఒకటి, వాళ్లకు ఒద్దిక నేర్పడం ఒకటి, చేత్తో చేస్తేనే బుర్రకెక్కుతుందన్న నమ్మకం ఒకటి. చిక్కంతా ఎక్కడంటే, ఏ బడిలోనూ ఇవి విడివిడిగా లేవు.

క్వేకర్లు ఎవరో ముందు కాస్త చెప్పుకోవాలి. 17వ శతాబ్దం నడుమ ఇంగ్లండులో పుట్టిన క్రైస్తవ శాఖ ఇది. వాళ్లు తమను ‘ఫ్రెండ్స్’ అని పిలుచుకుంటారు. ప్రార్థనకు పాదిరీ ఉండడు. అందరూ మౌనంగా కూర్చుంటారు, ఎవరికి లోపల నుంచి మాట వస్తే వాళ్లు లేచి చెబుతారు. ప్రభుత్వ చర్చికి పన్ను కట్టబోమన్నారు, కోర్టులో ప్రమాణం చేయబోమన్నారు, గొప్పవాళ్లు ఎదురైతే టోపీ తీయబోమన్నారు. దాంతో జైళ్లు, జరిమానాలు, ఆస్తుల జప్తులు తప్పలేదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ చదువులకు మతపరమైన షరతులు అడ్డొచ్చేవి. అవి దాదాపుగా తొలగిపోయింది 1871లో. పెద్ద చదువుల దారే మూసుకుపోయినప్పుడు పిల్లాడికి ఏళ్ల తరబడి లాటిన్ పద్యాలు వల్లె వేయించి ఏం లాభం? చేతిపని మీద క్వేకర్ల మోజు వెనక సిద్ధాంతం ఎంత ఉందో ఈ గత్యంతరం లేనితనమూ అంతే ఉంది.

1668లోనే వాళ్ల నాయకుడు జార్జ్ ఫాక్స్ రెండు బడులు పెట్టమని సలహా ఇచ్చాడు. మగపిల్లలకు వాల్తమ్‌లో, ఆడపిల్లలకు లండన్ దగ్గర షాకిల్‌వెల్‌లో. లోకంలో మర్యాదకరమైనవీ ఉపయోగపడేవీ అన్నీ నేర్పాలన్నది ఆయన కోరిక. ఆడపిల్లలకు విడిగా బడి ఉండాలని ఆ కాలంలో అనడం చిన్న సంగతి కాదు.

అమెరికాలో పెన్సిల్వేనియాను స్థాపించిన క్వేకరు విలియం పెన్ ఈ ఆలోచనను చట్టంగానే రాశాడు. 1683 నాటి ఆ చట్టం ప్రకారం పిల్లలకు 12 ఏళ్లు వచ్చేసరికి చదవడం, రాయడం రావాలి. ఆపైన ఏదో ఒక పని కూడా నేర్పాలి. పేదలు పని చేసుకుని బతకడానికి, ధనికులు ఒకవేళ పేదలైతే వాళ్లకు లోటు రాకుండా ఉండడానికి అని కారణం చెప్పారు. ఆ రెండో సగం మీద కాసేపు ఆగాలనిపిస్తుంది. డబ్బున్నవాడి కొడుకు కూడా వడ్రంగమో వ్యవసాయమో నేర్చుకోవాలని చట్టం రాసేవాళ్లు ఏ దేశంలో ఎంతమంది దొరుకుతారు? నిన్న అంగడి ఉన్నవాడికి జప్తు తర్వాత ఇవాళ ఏమీ మిగలకపోవడం కళ్లారా చూసినవాళ్లకే ఆ వాక్యం తడుతుంది.

పని ఖర్చు సంగతి బయటపెట్టినవాడు జాన్ బెల్లర్స్. లండన్‌లో బట్టల వర్తకుడు, క్వేకరు. 1695లో ‘కాలేజ్ ఆఫ్ ఇండస్ట్రీ’ పేరుతో ఒక పథకం అచ్చు వేశాడు. 300 మంది కలిసి ఉండే ఒక ఊరులాంటి సంస్థ. రకరకాల చేతివృత్తులు, సేద్యం అన్నీ అందులోనే. సుమారు 200 మంది శ్రమ 300 మంది తిండికీ బట్టకూ సరిపోతుంది, మిగతావాళ్ల శ్రమ ఫలం పెట్టుబడి పెట్టినవాళ్లకు లాభంగా పోతుంది. దీనికి 18,000 పౌండ్లు కావాలని లెక్క కట్టాడు. ‘వర్క్‌హౌస్’ అన్న పేరు ఎందుకు పెట్టలేదంటే, ఆ మాటలో బానిసత్వపు వాసన ఉందన్నాడు. ఇంగ్లండులో వర్క్‌హౌస్ అంటే దిక్కులేనివాళ్లకు కూడు పెట్టి బదులుగా చాకిరీ చేయించుకునే చోటు.

బెల్లర్స్ రాసిన కొన్ని మాటలు ఇప్పటికీ పదునుగా ఉంటాయి. పనిలేని చదువు పనిలేనితనాన్ని చదవడం కన్నా ఏమంత మెరుగు కాదన్నాడు. తిండి లేకపోతే ఒళ్లు ఎలా బతకదో, పని లేకపోతే ఆరోగ్యం అలా నిలవదన్నాడు. ఆలోచన జీవితదీపాన్ని మండిస్తే శ్రమ దానికి నూనె పోస్తుందన్నాడు. వీటికన్నా నాకు నచ్చింది ఇంకొకటి: పిల్లలకు అర్థంపర్థం లేని పని అప్పగిస్తే వాళ్ల బుర్రలూ అలాగే మిగిలిపోతాయట. అంటే, ఏదో ఒక పని చెబితే సరిపోదని, ఏ పని అన్నది ముఖ్యమని ఆయనకు ముందే తెలుసు.

ఇదంతా ఒక చేత్తో రాస్తూనే రెండో చేత్తో లాభం లెక్క వేశాడు. ఆయనకు అందులో తప్పేమీ కనిపించలేదు. పేదవాడికి పని, పిల్లవాడికి చదువు, డబ్బున్నవాడికి లాభం, ముగ్గురూ సుఖంగా ఉంటారని నిజంగానే నమ్మాడు. ఆ పథకం అనుకున్న రూపంలో ఎప్పుడూ నిలబడలేదు. 120 ఏళ్ల తర్వాత సంఘ సంస్కర్త రాబర్ట్ ఓవెన్ దాన్ని వెతికి తీసి మళ్లీ అచ్చు వేయించాడు. ఆ తర్వాత కార్ల్ మార్క్స్ తన ‘పెట్టుబడి’లో బెల్లర్స్‌ను అర్థశాస్త్ర చరిత్రలో ఒక అద్భుతం అన్నాడు, పైన చెప్పిన మాటలను అక్కడే ఉటంకించాడు. హాఫ్ టైమర్ల గురించి రాసేటప్పుడే ఆ ఉటంకింపు రావడం గమనించాలి. సగం పూట మాత్రమే బడిలో కూర్చునే మిల్లు పిల్లలు రోజంతా కూర్చునేవాళ్లతో సమానంగా, ఒక్కోసారి ఎక్కువగా నేర్చుకుంటున్నారని ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లు రాసిన నివేదికలు మార్క్స్‌కు ఆసక్తి కలిగించాయి. భవిష్యత్తు చదువుకు విత్తనం అక్కడే ఉందన్నాడు. వర్తకుడూ విప్లవకారుడూ ఒకే మాట దగ్గర కలుసుకోవడం అంటే ఇదే.

పథకం నిలబడకపోయినా దాని నీడ ఒకటి నేల మీదికి వచ్చింది. 1702లో లండన్ క్వేకర్లు క్లర్కెన్‌వెల్‌లో ఒక పాత వర్క్‌హౌస్ భవనం తీసుకుని తమ శాఖలోని పేద వృద్ధులను, పిల్లలను అందులో పెట్టారు. బెల్లర్స్ తప్పించుకోవాలనుకున్న పేరే చివరికి అంటుకుంది. పిల్లలు నూలు వడికేవారు, మధ్యలో చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకునేవారు, పెద్దయ్యాక ఏదో ఒక వృత్తిలో శిష్యులుగా వెళ్లేవారు. 1711 నుంచి 1737 దాకా దాన్ని చూసుకున్న రిచర్డ్ హటన్ అనే మేనేజరు తన మీదికి వచ్చిన ఫిర్యాదులనూ గొడవలనూ ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నాడు. అది ఇప్పటికీ ఉంది. ముసలివాళ్లు, పిల్లలు, చదువు, వడుకు, వంట అన్నీ ఒకే కప్పు కింద పెడితే ఆ మనిషి టెన్షన్ ఎలా ఉంటుందో హాస్టల్ వార్డెన్లను అడిగితే చెబుతారు.

ఇలాంటి చోట చదువుకూ పనికీ మధ్య తగువు వస్తే ఏది గెలుస్తుంది? పిల్లలు వడికిన నూలు అమ్మితేనే సాయంత్రం పొయ్యి వెలుగుతుందంటే, అక్షరాలు రేపటికి ఆగుతాయి, నూలు ఆగదు. నిర్వాహకులు చెడ్డవాళ్లు కానక్కర్లేదు. పద్దు పుస్తకమే టైమ్ టేబుల్ రాస్తుంది. ఈ సంస్థ 1786లో ఇస్లింగ్టన్ రోడ్డుకు, 1825లో క్రోయిడన్‌కు, 1879లో శాఫ్రన్ వాల్డెన్‌కు మారింది. ఆ దారిలోనే క్రమంగా ముసలివాళ్లు వేరుపడ్డారు, వడుకు పోయింది, చివరికి మామూలు బడిగా మిగిలింది.

ఈ ముడిని ఇంకో వైపు నుంచి విప్పిన మనిషి జాన్ ఫోథర్‌గిల్. లండన్‌లో పేరున్న డాక్టరు, మొక్కలంటే ప్రాణం, బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు స్నేహితుడు. యార్క్‌షైర్‌లోని ఆక్‌వర్త్‌లో ఒక పెద్ద భవనం ఖాళీగా ఉందని ఆయనకు తెలిసింది. అది లండన్ అనాథ శిశువుల ఆశ్రమానికి శాఖగా కట్టింది. 1773లో మూతపడింది. అక్కడ అనాథ పిల్లల చేత ఉన్నిబట్ట నేయించేవారు. క్వేకర్లు ఆ భవనాన్ని, దాంతోపాటు దాదాపు 85 ఎకరాల నేలను 7,000 పౌండ్లకు కొన్నారు. 1779 అక్టోబరులో బడి తెరిచారు. మగపిల్లలకూ ఆడపిల్లలకూ ఇద్దరికీ. కాకపోతే భవనంలో భాగాలు వేరు, తరగతులు వేరు. అంతగా డబ్బులేని క్వేకర్ కుటుంబాల కోసం అని స్పష్టంగానే చెప్పారు. కొద్ది కాలంలోనే 300 మంది పిల్లలు చేరారు.

ఫీజు ఏడాదికి 8 గినీలు (గినీ అంటే పౌండు కన్నా కాస్త ఎక్కువ). తిండి, బట్ట, చదువు అన్నీ అందులోనే. నిజానికి ఒక పిల్లవాడి మీద అయ్యే ఖర్చు అంతకంటే ఎక్కువ. ఆ తేడాను పిల్లలు నేసిన బట్టతో పూడ్చాలని ఫోథర్‌గిల్ చూడలేదు. దేశమంతటా ఉన్న క్వేకర్ల దగ్గర చందాలు ఎత్తారు. కథంతా మలుపు తిరిగింది ఇక్కడే అని నా అభిప్రాయం. అదే భవనం, అదే వయసు పిల్లలు. కానీ లోటు పూడ్చే బాధ్యత పిల్లల చేతుల మీది నుంచి పెద్దల జేబుల మీదికి మారింది. మగపిల్లల తోటపని, పొలంలో సాయం చదువుకు అనుబంధంగా ఉండగలిగాయంటే ఆ పంట అమ్మి జీతాలు ఇవ్వాల్సిన అవసరం లేకపోవడం వల్లే.

ఆడపిల్లల సంగతికి వస్తే ఈ మాట కొంత వెనక్కి తీసుకోవాలి. కుట్టు, అల్లిక, వడుకు, ఇంటిపని వాళ్ల రోజులో పెద్ద భాగం. కుట్టడం నేర్పుతున్నామనే అనేవారు, నేర్పేవారు కూడా. కానీ పదో చొక్కా కుట్టేటప్పుడు నేర్చుకోవడానికి కొత్తగా ఏముంటుంది? వందల మంది ఉన్న హాస్టల్లో చిరిగిన మేజోళ్లు, కావలసిన దుస్తులు ఎప్పుడూ ఉంటాయి. ఈ శ్రమ డబ్బు రూపంలో ఎక్కడా కనపడదు కాబట్టి దాన్ని ఎవరూ సంపాదనగా చూడలేదు. మగపిల్లవాడు దున్నితే ‘పని’, ఆడపిల్ల కుడితే ‘శిక్షణ’. ఈ తిరకాసు మనకు తెలియనిది కాదు.

ఇందులోంచే ఒక అద్భుతమైన వస్తువు పుట్టింది. అమెరికాలో 1799లో ఫిలడెల్ఫియా క్వేకర్లు 600 ఎకరాల పొలం కొని వెస్ట్‌టౌన్ బడి పెట్టారు. అక్కడి అమ్మాయిలు 19వ శతాబ్దం మొదట్లో పట్టుగుడ్డతో గ్లోబులు కుట్టారు. బంతిలా గుడ్డ బిగించి, అక్షాంశ రేఖాంశాలను దారంతో వేసి, దేశాల హద్దులు కుట్టి, పేర్లు సిరాతో రాశారు. నక్షత్రాల గ్లోబులూ చేశారు. సూది కదిలిన ప్రతిసారీ భూగోళం చేతికి తెలుస్తుంది. బెల్లర్స్ కోరిన పని సరిగ్గా ఇదే, బుర్రను మొద్దుబార్చనిది. ఆ గ్లోబులు కొన్ని ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి. అవే చేతులు కుట్టిన మామూలు బట్టలు వాడకంలో చిరిగిపోయాయి.

న్యూయార్క్ రాష్ట్రంలో 1796లో మొదలైన నైన్ పార్ట్‌నర్స్ బడిలో లుక్రేషియా కాఫిన్ అనే అమ్మాయి 13 ఏళ్లప్పుడు చేరింది. తర్వాత అక్కడే పంతులమ్మ అయింది. ఆడ పంతుళ్లకు మగవాళ్లకన్నా చాలా తక్కువ జీతం ఇస్తున్నారని అక్కడే గమనించింది. పెళ్లయ్యాక ఆమె లుక్రేషియా మాట్. బానిసత్వానికి వ్యతిరేకంగా, స్త్రీల హక్కుల కోసం పోరాడి అమెరికా చరిత్రలో నిలిచిపోయింది. ఆడామగా తేడా దేవుడికి లేదని చెప్పే బడిలో జీతాల పట్టీ ఇంకోటి చెప్పింది, ఆమె రెండూ చదివింది.

మళ్లీ ఎయ్టన్ దగ్గరికి వద్దాం. 1830, 40ల్లో ఇంగ్లండులో ఒక కొత్త రకం క్వేకర్ బడులు వచ్చాయి. రాడన్ 1832లో, పెంకెత్ 1834లో, ఎయ్టన్ 1841లో, సిబ్‌ఫర్డ్ 1842లో. వీటిలో పొలంపని, ఇంటిపని బడి నియమాల్లో గట్టిగా భాగం. ఎందుకీ బడులు? క్వేకర్లలో ఒక కఠిన నియమం ఉండేది. బయటి శాఖవాళ్లను పెళ్లి చేసుకుంటే వెలి. అలా వెలి పడినవాళ్ల పిల్లలకు ఆక్‌వర్త్‌లో మామూలుగా చోటు దొరకదు. వాళ్లను గాలికి వదిలేయడానికి మనసొప్పలేదు, లోపలికి తెచ్చుకోవడానికి నియమం ఒప్పుకోలేదు. మధ్యేమార్గంగా వచ్చినవే ఈ బడులు. ఎయ్టన్‌కు డబ్బు సమకూర్చినవాళ్లలో ముఖ్యుడు థామస్ రిచర్డ్‌సన్ అనే క్వేకర్ బ్యాంకరు.

వీటి పక్కన యార్క్‌లోని బూథమ్ బడిని పెట్టి చూడండి. 1823లో మొదలైంది, కలిగిన కుటుంబాల అబ్బాయిల కోసం. అక్కడా చేతులకు పని ఉంది. 1834లోనే విద్యార్థుల ప్రకృతి పరిశీలన సంఘం పెట్టారు. మొక్కలు ఏరడం, పురుగులు పట్టడం, నోటుపుస్తకాల్లో బొమ్మలు గీయడం. ఇవి సెలవు గంటల్లో ఇష్టంగా చేసే వ్యాపకాలు. సిబ్‌ఫర్డ్ పిల్లవాడు బంగాళాదుంపల చేలో వంగితే అది క్రమశిక్షణ. బూథమ్ పిల్లవాడు అదే చేలో పురుగు కోసం వంగితే విజ్ఞానం. పెన్ చట్టంలో ధనికుడి కొడుకుకూ పని నేర్పాలన్న మాట ఉందే, అది ఈ 150 ఏళ్లలో ఎక్కడో జారిపోయింది. పెళ్లి విషయంలో వెలి వేసే నియమాన్ని బ్రిటన్ క్వేకర్లు 1860 ప్రాంతంలో ఎత్తేశారు. అప్పటి నుంచి ఈ బడుల మధ్య గోడలు కూడా పలచబడ్డాయి.

ఇంతకీ మిల్లు పిల్లవాడికీ ఎయ్టన్ పిల్లవాడికీ తేడా ఎక్కడుంది? గంటల్లో లేదు, పని కష్టంలో కూడా పెద్దగా లేదు. పిల్లవాడు ఆ రోజు పని సరిగా చేయలేకపోతే ఏమవుతుందన్న దగ్గర ఉంది. మిల్లులో మగ్గం ఆగుతుంది, కూలి కోత పడుతుంది. క్లర్కెన్‌వెల్‌లో నూలు తగ్గితే మేనేజరుకు ఖర్చు తగులుతుంది. ఆక్‌వర్త్‌లో పిల్లవాడి తోట ఎండిపోతే ఎవరి భోజనమూ ఆగదు. తప్పు చేసే వెసులుబాటు ఉన్నచోటే పని చదువుగా మారే వీలుంటుంది. ఎయ్టన్, సిబ్‌ఫర్డ్‌లాంటి చోట్ల ఆ వెసులుబాటు కొంత ఉంది, కొంత లేదు. అందుకే వాటిని మెచ్చుకునేవాళ్లకూ తప్పుపట్టేవాళ్లకూ ఇద్దరికీ ఆధారాలు దొరుకుతాయి.

ఇదే తగువు మన దేశంలో 1937లో వచ్చింది. ఆ అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సభలో గాంధీ తన ‘నయీ తాలీం’ ముందుకు తెచ్చినప్పుడు, పిల్లల చేతిపని ఉత్పత్తితో పంతుళ్ల జీతం రావాలన్నారు. ఆ చదువుకు ప్రణాళిక రాసిన జాకిర్ హుస్సేన్ కమిటీ ఐదున్నర గంటల బడిలో 3 గంటల 20 నిమిషాలు చేతిపనికి కేటాయించింది. పిల్లలు చేసిన వస్తువులు బజారుకు వస్తే చేతివృత్తులవాళ్ల పొట్ట కొట్టినట్టు కాదా అని ఆర్థికవేత్త కె.టి.షా వార్ధా సభలోనే అడిగారు. గాంధీ క్వేకర్ల దగ్గర నేర్చుకున్నారని చెప్పడానికి లేదు, ఆయన దారి వేరు. కానీ తర్వాతి కాలంలో సేవాగ్రామ్‌లో ఈ చదువును భుజాన వేసుకున్నవాళ్లలో మార్జరీ సైక్స్ ఒకరు. యార్క్‌షైర్‌లో పుట్టి, 1928లో మద్రాసుకు టీచరుగా వచ్చి, ఆ తర్వాత క్వేకరుగా మారిన మనిషి. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ దగ్గర రసూలియాలో క్వేకర్లు పెట్టిన గ్రామీణ కేంద్రం, కిశోర్ భారతి సంస్థతో కలిసి 1972లో 16 ప్రభుత్వ బడుల్లో సైన్సును ప్రయోగాలతో నేర్పే కార్యక్రమం మొదలుపెట్టింది. అక్కడ పిల్లలు పువ్వులు కోసి చూశారు, అమ్మడానికి ఏమీ తయారు చేయలేదు.

మనకు ఇంకో చిక్కు కూడా ఉంది. చీపురు, పార ఏ కులం చేతికి ఇచ్చారన్నది ఇక్కడ వేల ఏళ్ల ప్రశ్న. హాస్టల్లో పిల్లల చేత ఊడిపించారని గొడవ జరిగితే ఒకరికి అది శ్రమ గౌరవం, ఇంకొకరికి తాతల నాటి గాయం. నా చిన్నప్పుడు మా బళ్లో వారానికి రెండు తోటపని పీరియడ్లు ఉండేవి. వంకాయ మొక్కలు వేశాం, నీళ్లు పోశాం. కాయలు ఎవరింటికి వెళ్లాయో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. వంగ మొక్కకు పుచ్చు ఎందుకు పడుతుందో కూడా ఎవరూ చెప్పలేదు.

ఎయ్టన్ బడి 1997లో మూతపడింది. ఆక్‌వర్త్, సిబ్‌ఫర్డ్, వెస్ట్‌టౌన్ ఇంకా నడుస్తున్నాయి. వెస్ట్‌టౌన్‌లో విద్యార్థులు బడి పనుల్లో వంతులు వేసుకునే పద్ధతి ఇప్పటికీ ఉంది. క్లర్కెన్‌వెల్‌లో నూలు వడకడంతో మొదలై, మూడుసార్లు చోటు మారి శాఫ్రన్ వాల్డెన్ చేరిన ఆ పాత బడి 2017లో తలుపులు వేసుకుంది. 315 ఏళ్ల తర్వాత కూడా కారణం పద్దు పుస్తకమే, రాబడికీ ఖర్చుకూ పొంతన కుదరలేదు.